పాటకు కావాల్సిన తీరిక

1996 జూన్‌లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలో స్టో కాలేజీ విద్యార్థులు తమ చదువులో భాగంగా ఒక రికార్డు విడుదల చేశారు. సంగీత వ్యాపారం నేర్చుకునే ఆ పిల్లలు ఏటా ఒక కొత్త బ్యాండును ఎంచుకోవాలి, దాని పాట రికార్డు చేయించాలి, బజారులో పెట్టి అమ్మాలి. అవే వాళ్ల ప్రాక్టికల్స్. మామూలుగా ఒక సింగిల్‌తో సరిపెట్టేవారు. ఆ ఏడు దొరికిన బ్యాండు దగ్గర మాత్రం ఆల్బమ్‌కు సరిపడా పాటలున్నాయి. విన్న మాస్టర్లకూ, పిల్లలకూ అవి నచ్చాయి. అలా ‘టైగర్‌మిల్క్’ అనే ఆల్బమ్ వెయ్యి వినైల్ కాపీలతో బయటికొచ్చింది. బ్యాండు పేరు బెల్ అండ్ సెబాస్టియన్. ఫ్రెంచి రచయిత్రి సెసిల్ ఓబ్రీ కథలో సెబాస్టియన్ ఒక కుర్రాడు, బెల్ అతని కుక్క. ఆ వెయ్యి కాపీలు కొన్నేళ్లకే సేకరణకర్తల చేతుల్లో ఒక్కోటి వందల పౌండ్లు పలికాయి. బ్యాండు ఇప్పటికీ పాడుతూనే ఉంది. పెద్ద కంపెనీ దన్నూ, ఊరూరా పోస్టర్లూ లేకుండా మొదలైన ఒక గుంపు ఇన్నేళ్లు ఎలా నిలిచిందని అడిగితే అభిమానులు పాటలు కట్టిన స్టూవర్ట్ మర్డాక్ ప్రతిభ పేరు చెబుతారు, ఎవరికీ తలవంచని మొండితనం పేరు చెబుతారు. రెండూ ఉన్నమాట నిజమే. అయితే ఆ బ్యాండు నడిచిన దారిని మొదటి నుంచి చూసుకుంటూ వస్తే వాటికంటే ముందు లెక్కించవలసింది ఇంకొకటి కనిపిస్తుంది. అడుగడుగునా వాళ్లకు తొందరపెట్టని ఆసరా ఏదో ఒకటి దొరికింది. ‘స్వతంత్ర’ సంగీతం అని మనం పిలిచేది నిజానికి అలాంటి ఆసరాల మీద నిలబడ్డదే.

ముందు ఇండీ అంటే ఏమిటో చూడాలి. పాట అంటే సినిమా పాటే అన్నంతగా అలవాటుపడిన మనకు ఈ లోకం కొంచెం కొత్త. బ్రిటన్‌లో చాలాకాలం రికార్డుల వ్యాపారం నాలుగైదు పెద్ద కంపెనీల చేతుల్లోనే ఉండేది. 1977 ఆరంభంలో మాంచెస్టర్ కుర్రాళ్ల బ్యాండు బజ్‌కాక్స్ అప్పు తెచ్చుకుని, సొంత లేబుల్ పెట్టుకుని ‘స్పైరల్ స్క్రాచ్’ అనే చిన్న రికార్డు వేసింది. కంపెనీ గడప తొక్కకుండానే పాటను జనం దాకా చేర్చవచ్చని దాన్ని చూసి చాలామందికి అర్థమైంది. లండన్‌లో 1976లో రికార్డుల దుకాణంగా మొదలైన రఫ్ ట్రేడ్ రెండేళ్లకే లేబుల్‌గా మారింది. చిన్న లేబుళ్లన్నీ కలిసి తమ సరుకును దేశమంతా పంచుకునే ఏర్పాటు చేసుకున్నాయి. 1980 నుంచి వీటికి విడిగా అమ్మకాల పట్టిక కూడా వచ్చింది. గ్లాస్గోలో అదే సమయంలో పోస్ట్‌కార్డ్ రికార్డ్స్ అనే బుల్లి లేబుల్ ఆరెంజ్ జ్యూస్ అనే బ్యాండును పరిచయం చేసింది. గిటార్ల మోత తగ్గించి, గొంతు పెంచకుండా, సిగ్గుపడుతున్నట్టు పాడే ఇండీ పాప్ పద్ధతికి ఆ ఊరు ఒక పుట్టిల్లయింది. చిన్న చిన్న ఏర్పాట్లన్నీ కలిసి ఒక నేలను సాగులోకి తెస్తే, పదిహేనేళ్ల తర్వాత బెల్ అండ్ సెబాస్టియన్ వచ్చి అందులో మొలిచింది.

మర్డాక్ పాటలు కట్టడం మొదలుపెట్టింది ఆశయంతో కంటే అశక్తతతో. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, అక్కడి విద్యార్థుల రేడియోలో పాటలు వేస్తూ తిరిగే కుర్రాడికి 1980ల చివర్లో ఎమ్.ఇ. అనే జబ్బు వచ్చింది. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. ఇది ఇంత అని తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు, ఖాయంగా కుదిర్చే మందూ లేదు. కాస్త పనిచేసినా మంచం పట్టించేంత నీరసం. చదువు ఆగింది, ఉద్యోగం ఊసు లేదు. సుమారు ఏడేళ్లు అతను మామూలు జీవితానికి దూరంగా గడిపాడు. ఆ ఖాళీలో పియానో ముందు కూర్చుని మాటా బాణీ రెండూ తానే అల్లడం నేర్చుకున్నాడు. అతని పాటల్లో కనిపించే మనుషులను చూస్తే ఆ ఏడేళ్ల ముద్ర తెలుస్తుంది: బడిలో ఎవరితోనూ కలవని పిల్లలు, బస్సు కిటికీలోంచి ఊరిని చూసేవాళ్లు, చర్చి వెనక బెంచీలో కూర్చునేవాళ్లు, ఆరోగ్యం బాగాలేని అమ్మాయిలు. ఊళ్లో జరుగుతున్న సందడిని పక్కనుంచి చూసేవాడు రాసే పాటలవి. జబ్బును వరమని పొగడటం క్రూరత్వం; ఎమ్.ఇ. వచ్చినవాళ్లందరూ కవులు కాలేదు, మర్డాక్ కూడా ఆ జబ్బు నుంచి పూర్తిగా బయటపడలేదు. కానీ నిరుద్యోగులకూ రోగులకూ తిండికి లోటు రానీయని ప్రభుత్వ సాయం అన్నది ఆ దేశంలో లేకపోతే, పాటలు పుట్టడానికి ముందే ఆ కుర్రాడి బతుకు ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఆరోగ్యం కొంత కుదుటపడ్డాక అతను చేరింది బీట్‌బాక్స్ అనే శిక్షణలో. పనిలేని సంగీతకారుల కోసం ప్రభుత్వ డబ్బుతో నడిచిన కోర్సది. అక్కడే స్టూవర్ట్ డేవిడ్ పరిచయమయ్యాడు. తర్వాత బ్యాండులో బేస్ గిటార్ వాయించింది అతనే. స్టో కాలేజీలో పాఠం చెప్పే అలన్ రాంకిన్ ఒకప్పుడు ది అసోసియేట్స్ అనే పేరున్న బ్యాండు సభ్యుడు. అతని దగ్గర చేసిన డెమోలు కాలేజీ సొంత లేబుల్ ఎలక్ట్రిక్ హనీ చేతిలో పడ్డాయి. మరోపక్క మర్డాక్ ఒక చర్చి హాలుకు కాపలాదారుగా కుదిరి, ఆ హాలు పైభాగంలోనే నివాసముండేవాడు. 2003 దాకా అతని చిరునామా అదే. 1997లో వచ్చిన ‘లేజీ లైన్ పెయింటర్ జేన్’ పాటను రికార్డు చేసిందీ ఆ చర్చి హాల్లోనే. వీటన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడండి: భృతి, శిక్షణ, కాలేజీ లేబుల్, చర్చి గది. వీటిలో ఏ ఒక్కటీ పాప్ తారలను తయారు చేద్దామని పెట్టినది కాదు. నాలుగూ కలిసి ఒక మనిషికి స్థలం ఇచ్చాయి, తోడు ఇచ్చాయి, ముఖ్యంగా సమయం ఇచ్చాయి. తమ బ్యాండు గాడి తప్పిన పెట్టుబడిదారీ విధానం కన్న బిడ్డ అనే అర్థంలో మర్డాక్ ఒకసారి చమత్కరించాడు. ఆ చమత్కారంలో సగానికి పైగా వాస్తవమే.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం తెలిసిందే. ఆ భృతి వేలమందికి అందింది, ఆ కోర్సులో చాలామంది చదివారు. వాళ్లందరూ ‘టైగర్‌మిల్క్’ చెయ్యలేదు కదా, కాబట్టి చివరికి లెక్కలోకి వచ్చేది ప్రతిభే అంటారు. ప్రతిభ లేనిదే ఏదీ లేదన్నది కాదనలేం. అయితే ఎలక్ట్రిక్ హనీ జాబితాను ఒకసారి తిరగేస్తే ఈ వాదన బలం కొంత తగ్గుతుంది. 1997లో ఆ విద్యార్థులు పోలార్‌బేర్ అనే బ్యాండు రికార్డు వేశారు. ఆ బ్యాండే స్నో పట్రోల్‌గా పేరు మార్చుకుని తర్వాత ప్రపంచమంతా వినిపించింది. 2000లో వాళ్లు వేసింది బిఫీ క్లైరో రికార్డు. ఆ బ్యాండు ఇవాళ బ్రిటన్‌లో పెద్ద పెద్ద మైదానాలు నింపుతుంది. కాలేజీ పిల్లలు ప్రాక్టికల్స్ కోసం నడిపిన లేబుల్ నాలుగైదేళ్ల వ్యవధిలో ఇలాంటి మూడు బ్యాండ్లకు తొలి మెట్టయిందంటే, ప్రతిభ ఆ నేలలో ముందునుంచీ ఉందనీ, దాన్ని పలకరించే మనిషి కోసం ఎదురుచూసిందనీ అనుకోవాలి. పలకరించేవాళ్లు లేని ఊళ్లలో ఎంత ప్రతిభ మౌనంగా ముగిసిపోయిందో మనకు తెలిసే దారి లేదు. గెలిచినవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ప్రతిభ ఎలాగైనా బయటపడుతుందని తీర్పు చెప్పడం అందుకే తొందరపాటు.

రెండో మెట్టు జీప్‌స్టర్ అనే చిన్న లేబుల్. ‘టైగర్‌మిల్క్’ విన్నాక 1996 ఆగస్టులో ఆ లేబుల్ బ్యాండుతో ఒప్పందం చేసుకుంది, నవంబరుకల్లా ‘ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్’ విడుదలైంది. ఇవాళ 1990ల ఉత్తమ ఆల్బమ్‌ల జాబితా ఎవరు రాసినా తరచుగా కనిపించే పేరది. ఒప్పందంలో బ్యాండు అడిగినవాటిని పాప్ వ్యాపారం ఎరిగినవాళ్లు వింటే నవ్వుకునేవారు. ఆల్బమ్‌లోని పాటను సింగిల్‌గా తీసి అమ్మకూడదు, ప్రచారానికి తిప్పకూడదు, ఇంటర్వ్యూలకు బలవంతపెట్టకూడదు. అట్టల మీద వాళ్ల ముఖాలుండవు. స్నేహితులను మర్డాక్ తీసిన ఫొటోలు ఒకే రంగులో ముంచినట్టు ఉంటాయి. 1997లో ఆల్బమ్ బదులు వరసగా మూడు ఈపీలు, అంటే నాలుగేసి పాటల చిన్న రికార్డులు వేశారు. మూడోది పట్టికలో 32వ స్థానం దాకా ఎక్కి మొదటిసారి టాప్ 40లో నిలిచింది. కచేరీలు కూడా పబ్బులను వదిలి లైబ్రరీల్లో, చర్చి హాళ్లలో పెట్టుకున్నారు. ఇదంతా తెలివైన ప్రచారమే, కనపడకుండా ఉండి కుతూహలం పెంచే ఎత్తు అని అప్పట్లో విమర్శకులు అన్నారు. ఫలితం అలా కూడా వచ్చిందన్నది నిజం. కారణం మాత్రం వేరు. రోజుకొక ఊరు తిరిగే ఓపిక లేని గాయకుడు, చెల్లో, వయొలిన్, ట్రంపెట్ సహా ఏడెనిమిది మంది వాయిద్యకారులు. ఇంతమందిని వ్యానులో వేసుకుని నెలల తరబడి తిప్పితే మనిషీ కూలుతాడు, డబ్బూ కూలుతుంది. తమకు చేతకానిదాన్ని చెయ్యం అని చెప్పగలగడం వాళ్ల బలం. ఆ మాట విని సరేననగలిగిన లేబుల్ దొరకడం వాళ్ల అదృష్టం.

అయితే చిన్న లేబుల్ అనగానే దయగల తల్లి అనుకోవడం పొరపాటు. ఇదే జీప్‌స్టర్ స్నో పట్రోల్‌నూ తీసుకుంది, 1998లో ఒకటి, 2001లో ఒకటి ఆల్బమ్‌లు వేసింది, అమ్మకాలు రాకపోయేసరికి ఆ బ్యాండును వదిలేసింది. పెద్ద కంపెనీ తాలూకు ఫిక్షన్ లేబుల్‌కు వెళ్లాక, 2003లో వచ్చిన ‘ఫైనల్ స్ట్రా’తోనే స్నో పట్రోల్ దశ తిరిగింది. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యమే. చిన్నది ఓర్పుగలదీ, పెద్దది ఓర్పులేనిదీ అనే సూత్రం ఇక్కడ పనిచెయ్యలేదు. దీన్నుంచి తేలేది ఇంకాస్త సూక్ష్మమైన సంగతి. చిన్న లేబుల్ ఓర్పు దాని జేబు లోతును మించదు. బెల్ అండ్ సెబాస్టియన్ విషయంలో ఓర్పుకు ఖర్చు తక్కువైంది. ఎందుకంటే వాళ్లు ప్రచారం అడగలేదు, ఖరీదైన స్టూడియో అడగలేదు. ‘టైగర్‌మిల్క్’ మూడంటే మూడు రోజుల్లో రికార్డు చేసిన ఆల్బమ్. బతుకు ఖర్చు సంగతి చర్చి గదీ, ఊరూ చూసుకుంటున్నాయి. స్టేడియాలు నింపగల గిటార్ల హోరు స్నో పట్రోల్‌ది. దానికి కావలసిన వనరులు వేరు. కాబట్టి తొందరపెట్టని ఆసరా అంటే ఒక్క సంస్థ కాదు. ఒకదాని లోటు మరొకటి పూడ్చే చిన్న చిన్న ఆసరాల అల్లిక.

ఆ అల్లికలో అన్నిటికంటే గట్టి పోగు శ్రోతలది. 1999 ఫిబ్రవరిలో బ్రిట్ అవార్డుల్లో ఉత్తమ కొత్త కళాకారుల బహుమతి ఈ బ్యాండుకు వచ్చింది. ఓట్లు వేసింది బీబీసీ రేడియో 1 శ్రోతలు. అప్పటికి బ్రిటన్ అంతా మోగుతున్న పాప్ గుంపు స్టెప్స్‌ను కాదని, సామాన్య జనం పేరు కూడా వినని గుంపుకు బహుమతి రావడంతో దుమారం రేగింది. ఇంటర్నెట్ ఓట్లలో గోల్‌మాల్ జరిగిందని పత్రికల్లో ఆరోపణలు వచ్చాయి. ఆ గొడవను పక్కనపెడితే, అప్పుడప్పుడే పుట్టిన ఇంటర్నెట్‌ను ముందుగా తమదిగా చేసుకున్న విద్యార్థి శ్రోతలు ఈ బ్యాండు వెనక ఉన్నారని దేశానికి తెలిసింది. ఆ ఏప్రిల్‌లోనే ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని కేంబర్ శాండ్స్‌లో, కుటుంబాలు సెలవులకు వచ్చే విడిదిని తీసుకుని, ‘బౌలీ వీకెండర్’ అనే జాతర పెట్టారు. ఎవరు పాడాలో నిర్ణయించింది బ్యాండే. సంగీతకారులే జాతరను రూపొందించే ఈ పద్ధతి నచ్చి మరుసటి ఏడు నుంచి ‘ఆల్ టుమారోస్ పార్టీస్’ అనే ఉత్సవాలు పుట్టుకొచ్చాయి. అప్పటిదాకా ఆసరా పొందిన గుంపు ఇతరులకు చోటు కల్పించే స్థాయికి చేరిందన్నమాట.

ఇక బ్యాండు లోపలి కథ. ఏడేళ్ల ఒంటరితనంలో ఒక్కడే కట్టిన పాటల నిల్వ మొదటి రెండు ఆల్బమ్‌లకు ఇంధనమైంది. ఆ నిల్వ తరిగాక ఏం చెయ్యాలన్నది ప్రతి పాటకర్తకూ ఎదురయ్యే ప్రశ్న. 1998లో వచ్చిన ‘ది బాయ్ విత్ ది అరబ్ స్ట్రాప్’ నుంచి మర్డాక్ కలాన్ని పంచుకున్నాడు. గిటారిస్టు స్టీవీ జాక్సన్, చెల్లో వాయిస్తూ పాడే ఇసబెల్ క్యాంప్‌బెల్, స్టూవర్ట్ డేవిడ్ తలా ఒక పాటో రెండో ఇచ్చారు. 2000లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ అమ్మకాల పట్టికలో పదో స్థానం అందుకుంది, కానీ పాటల్లో ఒక తీరు లేదని చాలామంది పెదవి విరిచారు. ఆ ఏడే డేవిడ్ తన సొంత బ్యాండు లూపర్ కోసం వెళ్లిపోయాడు. 2002లో అమెరికా పర్యటన మధ్యలో ఇసబెల్ తప్పుకుంది. టాడ్ సోలాండ్జ్ సినిమా ‘స్టోరీటెల్లింగ్’కు కష్టపడి సంగీతం చేస్తే తెరమీదికి వచ్చింది కొన్ని నిమిషాలే. ఈ మూడేళ్లను చూసి, ప్రజాస్వామ్యం పాటకు పనికిరాదు, మర్డాక్ ఒక్కడే రాసుకుని ఉంటే బాగుండేది అనేవాళ్లున్నారు. అలా చేసి ఉంటే బ్యాండు మొదటి మూడేళ్లకే ఆగిపోయి ఉండేది. ఆరోగ్యం నిలకడలేని ఒక్క మనిషి మీద బరువంతా మోపితే ఏదో ఒక రోజు ఆ మనిషితో పాటే అది కూలుతుంది. పంచుకోవడం వల్ల కొన్ని బలహీనమైన పాటలు వచ్చాయి, అదే సమయంలో బ్యాండు అన్నది ఒక మనిషి మంచి రోజుల మీద ఆధారపడటం మానింది. జాక్సన్, వయొలిన్ వాయించే సారా మార్టిన్ తర్వాతి ఆల్బమ్‌లలో పూర్తిస్థాయి పాటకర్తలుగా ఎదిగింది ఆ తడబాటు కాలంలో దొరికిన చోటు వల్లనే.

2002లో జీప్‌స్టర్‌ను వదిలి రఫ్ ట్రేడ్‌కు మారినప్పుడు అసలైన అనుమానాలు మొదలయ్యాయి. కొత్త ఆల్బమ్ ‘డియర్ కటాస్ట్రఫీ వెయిట్రెస్’కు నిర్మాత ట్రెవర్ హార్న్, ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ లాంటి బ్యాండ్ల భారీ పాప్ రికార్డుల వెనక ఉన్న మనిషి. ఆల్బమ్ నుంచి సింగిల్స్ తీయడం కూడా అప్పుడే మొదలైంది. తమ ముద్దుల బ్యాండు అమ్ముడుపోయిందని కొందరు పాత అభిమానులు నొచ్చుకున్నారు. వింటే మాత్రం ఆ ఆల్బమ్‌లో పాటల మనుషులు మారలేదు; వాయిద్యాల పొందిక బాగుపడింది, గాయకుడికి ధైర్యం వచ్చింది. అది 2004లో మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు ఎక్కింది. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో నిర్మాత టోనీ హోఫర్‌తో చేసిన ‘ది లైఫ్ పర్స్యూట్’ 2006లో బ్రిటన్ పట్టికలో ఎనిమిదో స్థానం అందుకుంది. అదే ఏడు హాలీవుడ్ బౌల్‌లో లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో కలిసి వేల మంది ముందు పాడారు. మొదట్లో వద్దన్నవన్నీ తర్వాత చేశారు కదా, అలాంటప్పుడు ఆ మొదటి పంతాలకు విలువేమిటని అడగవచ్చు. జవాబు కాలక్రమంలోనే ఉంది. గొంతు ఇంకా కుదురుకోని వయసులో హార్న్ లాంటి నిర్మాత చేతిలో పడి ఉంటే ఆ పాటలకు అతని ముద్రే మిగిలేది. తమ తీరు ఏమిటో తెలిశాక వెళ్లారు కాబట్టి అతని నేర్పు వాళ్లకు పనిముట్టయింది. చిన్నదానిలో ఉండిపోవడం ఇండీ ధర్మం కాదు. ఎప్పుడు పెద్దదవ్వాలో తానే నిర్ణయించుకునే వీలు ఉండటమే దానిలోని సారం.

తర్వాతి ఏళ్లలో మర్డాక్ ఆ వీలును పాటల అవతలికీ తీసుకుపోయాడు. ‘గాడ్ హెల్ప్ ది గర్ల్’ మొదట 2009లో ఆల్బమ్‌గా వచ్చింది. శ్రోతల నుంచి కిక్‌స్టార్టర్ ద్వారా లక్ష డాలర్లకు పైగా చందాలు పోగుచేసి, అతనే రాసి, దర్శకత్వం వహించిన సినిమాగా 2014లో సన్‌డాన్స్ ఉత్సవానికి చేరింది. 2024లో ‘నోబడీస్ ఎంపైర్’ నవల వచ్చింది. ఎమ్.ఇ.తో బాధపడుతూ గ్లాస్గోలో పాటలు కట్టుకునే కుర్రాడి కథ అది. తన తొలి ఏడేళ్లకు మూడు దశాబ్దాల తర్వాత మళ్లీ వెళ్లి రాసినట్టుంటుంది. కోవిడ్ వల్ల లాస్ ఏంజెలెస్ ప్రయాణం ఆగిపోయినప్పుడు బ్యాండు గ్లాస్గోలోని తమ సాధన గదినే స్టూడియోగా మార్చుకుంది. 2000 తర్వాత సొంత ఊళ్లో పూర్తి ఆల్బమ్ రికార్డు చేసింది అప్పుడే. 2022లో ‘ఎ బిట్ ఆఫ్ ప్రీవియస్’, ఎనిమిది నెలలకే ‘లేట్ డెవలపర్స్’ వచ్చాయి. సొంత గది ఉంటే, తొందరపెట్టేవాళ్లు లేకపోతే, పాతికేళ్లు దాటిన బ్యాండు కూడా ఒక ఏడాదిలోపే రెండు ఆల్బమ్‌లు ఇవ్వగలదు.

ఇవాళ ఈ కథ పాతబడిందనే వాళ్లు చివరి అభ్యంతరం తెస్తారు. ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పాట చేసి సాయంత్రానికి ప్రపంచమంతటా విడుదల చేసుకోగలిగిన కాలంలో కాలేజీ లేబుళ్లూ, వెయ్యి వినైల్ కాపీలూ ఎవరికి కావాలి? విడుదల ఖర్చు దాదాపు సున్నాకు వచ్చిందన్నది నిజం, అది మేలైన మార్పే. కానీ తగ్గింది విడుదల ఖర్చు మాత్రమే. ఇంటి అద్దె తగ్గలేదు, ఏడుగురు కలిసి వాయించుకునే గది అద్దె తగ్గలేదు, తప్పులు చేసుకుంటూ నేర్చుకునే ఏళ్ల ఖరీదు తగ్గలేదు. పైగా కొత్త వేదికలు పాటగాడిని వారం వారం కనిపించమంటాయి. కనిపించకుండా ఉండే హక్కు, మర్డాక్ తరం జీప్‌స్టర్ దగ్గర రాయించుకున్నది, ఇవాళ ఏ యాప్ ఒప్పందంలోనూ లేదు. ఫలితంగా ఒంటరి గాయకులు పెరిగారు. ఎక్కువమందితో, ఎక్కువ వాయిద్యాలతో, ఎక్కువ కాలం కలిసుండే బ్యాండు పుట్టడం కష్టమైంది.  మంచి పాటలు రావాలని కోరుకునే ఏ ప్రభుత్వమైనా, ఏ నగరమైనా పోటీలు పెట్టి విజేతను ఎంచడం కంటే, ఈ బ్యాండు బాకీపడిన నాలుగింటిలో తనకు సాధ్యమైన ఒకటి ఏర్పాటు చేస్తే చాలు. చవక గదో, ఊరికే నేర్పే మాస్టారో, ఏటా ఒక రికార్డు వేసే విద్యార్థుల లేబులో. ఎవరు ఎదుగుతారో ముందుగా చెప్పలేం. అందుకే అది అందరికీ అందుబాటులో ఉండాలి, ఫలితం కోసం ఏడేళ్లయినా ఆగగలిగేలా ఉండాలి.